ఎడారి వాన లెక్క తేల్చే రాడార్

జెద్దా వరదకూ చినుకు ఆకారానికీ సంబంధం ఏమిటి? డ్యూయల్ పోలరైజేషన్ పరీక్షల్లో తేలిన సంగతులు

నవంబరు వచ్చిందంటే సౌదీ అరేబియాలోని తెలుగు ప్రవాసీయులకు ప్రాణం లేచొస్తుంది. ఏసీలకు విశ్రాంతి దొరుకుతుంది, శుక్రవారం సాయంత్రం పిల్లలను తీసుకుని కోర్నిష్‌కు వెళ్లొచ్చు. అయితే జెద్దాలో చాలా ఏళ్లుగా ఉంటున్న వారికి ఇదే నెలలో తూర్పు కొండల మీద మబ్బు కమ్మితే చాలు, గుండెల్లో రాయి పడుతుంది. ఏడాది పొడుగునా కలిపి సగటున 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఊరు అది. అలాంటి చోట 2022 నవంబరు 24న ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 గంటల లోపు 179 మి.మీ. కురిసిందని సౌదీ జాతీయ వాతావరణ కేంద్రం ప్రకటించింది. మూడేళ్ల వాన ఆరు గంటల్లో దిగిపోయింది. బడులు మూసేశారు, మక్కా రోడ్డును కొంతసేపు ఆపేశారు, విమానాలు ఆలస్యమయ్యాయి. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

2009 నవంబరు 25న పడింది ఇందులో సుమారు సగమే. నాలుగు గంటల్లో 90 మి.మీ. పైచిలుకు. హజ్ మొదలైన రోజది. నగరానికి దక్షిణాన ఉన్న కువైజా లాంటి పేటల మీదికి వాదీ నీరు ఉరుముకుంటూ వచ్చిపడింది. వంద మందికి పైగా చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని పాకిస్థాన్‌లోని స్వాత్ నుంచి వచ్చిన ఫర్మాన్ అలీ ఖాన్ ఆ నీళ్లలోకి దిగి 14 మందిని ఒడ్డుకు చేర్చాడు. మరొకరి కోసం మళ్లీ దిగి తిరిగి రాలేదు. సౌదీ ప్రభుత్వం ఆయనకు మరణానంతరం కింగ్ అబ్దులజీజ్ పతకం ప్రకటించింది. జెద్దాలోని పాత తెలుగువాళ్లు ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటారు.

సగం వానకు అన్ని చావులు, రెట్టింపు వానకు ఇద్దరు. ఈ రెండు తేదీల మధ్య చాలా మారింది. 2011 జనవరిలో ఊరు మరోసారి మునిగాక తూర్పున ఆనకట్టలు కట్టారు, వరద కాల్వలు తవ్వారు. వాన మొదలయ్యే సరికే బడులు మూసేసే పద్ధతి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకునే అధికారి ముందు తెర మీద కదిలే రంగుల బొమ్మ వాతావరణ రాడార్‌ది. ఆ రాడార్‌కు గత పాతికేళ్లలో వచ్చిన పెద్ద మార్పు పేరు డ్యూయల్ పోలరైజేషన్. ఇంజినీర్ల నోట తప్ప వినబడని మాట. కానీ కొండ మీద ఎంత నీరు పడింది, అది మన వీధికి ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు దాని దగ్గరే ఉంది.

పడేది ఒక చోట, మునిగేది మరో చోట

జెద్దా ఒక పక్క ఎర్రసముద్రానికీ మరో పక్క కొండలకూ మధ్య ఇరుక్కున్న నగరం. కొండల నుంచి పడమటికి వాదీలు దిగుతాయి. ఏడాదిలో మూడొందల అరవై రోజులు అవి ఎండిన ఇసుక దారులు. వాటి మీద ఇళ్లు లేచాయి, రోడ్లు పడ్డాయి, వర్క్‌షాపులు వెలిశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తీరు చూసినవాళ్లకు వాదీ అంటే వేరే చెప్పనక్కర్లేదు. మన వీధిలో చినుకు పడకపోయినా ఎగువన కురిసిన నీరు ఇంట్లోకి వస్తుంది. తేడా ఒక్కటే. బుడమేరుకు ఊళ్లున్నాయి, ఫోన్ చేసి చెప్పే మనుషులున్నారు. జెద్దా తూర్పు కొండల్లో మనుషులు తక్కువ, వానను కొలిచే రెయిన్ గేజ్‌లు అంతకన్నా తక్కువ.

పైగా ఎడారి మబ్బు మన ముసురు లాంటిది కాదు. కొన్ని కిలోమీటర్ల వెడల్పున లేచి, గంటా రెండు గంటలు కుండపోతగా కురిసి, మాయమవుతుంది. రెయిన్ గేజ్ నోరు జానెడు వెడల్పు. ఒక గేజ్ మీద కురిసి, పది కిలోమీటర్ల అవతల ఉన్న గేజ్ మీద చుక్క కూడా పడకుండా పోవచ్చు. ఇక మధ్యలో ఉన్న కొండలో ఎంత పడిందో చెప్పగలిగేది రాడార్ ఒక్కటే. అది తప్పు చెబితే సరిదిద్దే సాక్షి ఉండడు.

ఒకే ఎరుపు, మూడు లెక్కలు

రాడార్ తప్పు చెబుతుందా అని అడగొచ్చు. మబ్బు ఎక్కడుందో, ఎటు కదులుతోందో చెప్పడంలో దానికి సాటి లేదు. చిక్కు వచ్చేది ఎంత నీరు అనే దగ్గర. రాడార్ నీళ్లను తూచదు. అది పంపిన తరంగం చినుకులకు తగిలి తిరిగొస్తే, ఆ ప్రతిధ్వని బలాన్ని కొలుస్తుంది. ఆ బలం చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. అంటే 4 మి.మీ. చినుకు ఒక్కటి, 1 మి.మీ. చినుకులు 4,096 కలిసి ఇచ్చినంత ప్రతిధ్వని ఇస్తుంది. నీళ్ల లెక్కలో మాత్రం ఆ పెద్ద చినుకు 64 చిన్న చినుకులకే సమానం. కాబట్టి తెర మీద కనిపించే ఒకే రంగు వెనక గాలిలో ఉన్న నీరు ఎంతో తక్కువ కావచ్చు, ఎంతో ఎక్కువా కావచ్చు.

దీన్ని దాటడానికి 1940ల నుంచీ శాస్త్రవేత్తలు సగటు సూత్రాలు వాడుతూ వచ్చారు. ఎరుపు రంగులో కనిపించే 50 డీబీజెడ్ ప్రతిధ్వనినే తీసుకోండి. 1948 నాటి మార్షల్, పామర్ సూత్రం ప్రకారం అది గంటకు సుమారు 49 మి.మీ. వాన. ఉరుముల వానకు అమెరికాలో వాడే సూత్రంలో వేస్తే 63 మి.మీ. సముద్రపు తేమతో వచ్చే ఉష్ణమండల వానకు వాడే సూత్రంలో వేస్తే 147 మి.మీ. మూడూ పేరున్న సూత్రాలే. మొదటిది నమ్మితే ఆఫీసుకు ఆలస్యంగా వెళతాం. మూడోది నమ్మితే వాదీ పక్క పేటను ఖాళీ చేయించాలి. ఏ సూత్రం వాడాలో నిర్ణయించాలంటే ఆ మబ్బులో చినుకులు పెద్దవో చిన్నవో తెలియాలి. పాత రాడార్‌కు ఆ సంగతి తెలియదు.

ఇడ్లీ ఆకారంలో చినుకు

నిజానికి చినుకులను బట్టి వానను గుర్తుపట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. తుంపర, జల్లు, ముసురు, కుండపోత, వడగళ్లు అని పేర్లు పెట్టుకున్నాం. ఇంట్లో కూర్చుని పెంకుల మీద చప్పుడు విని ఏ వానో చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉండేవారు. డ్యూయల్ పోలరైజేషన్ రాడార్ చేసే పని అదే. చెవికి బదులు దానికి రెండు తరంగాలు ఉంటాయి.

బడి పుస్తకాల్లో చినుకును కన్నీటి బొట్టులా గీస్తారు. అది తప్పు. ఒక మిల్లీమీటరు లోపు చినుకు గుండ్రంగా ఉంటుంది. పెద్దదయ్యే కొద్దీ కింది నుంచి గాలి తన్ని, అడుగు చదునై, పక్కలకు సాగి ఇడ్లీలా అవుతుంది. మరీ పెద్దదైతే పగిలి ముక్కలవుతుంది. పాత రాడార్ తరంగం అడ్డంగా మాత్రమే ఊగేది. కొత్త రాడార్ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పంపుతుంది. ఇడ్లీ లాంటి చినుకుకు తగిలితే అడ్డం ప్రతిధ్వని నిలువు దానికన్నా బలంగా వస్తుంది. గుండ్రటి చిన్న చినుకుకు రెండూ సమానంగా వస్తాయి. ఈ తేడాను కొలిస్తే చినుకు పరిమాణం తెలిసిపోతుంది. వడగళ్లు దొర్లుతూ పడతాయి కాబట్టి ఎంత పెద్దవైనా రాడార్‌కు గుండ్రంగానే అనిపిస్తాయి. ప్రతిధ్వని చూస్తే భయంకరం, రెండు తరంగాల తేడా చూస్తే సున్నా. అలా కనిపిస్తే అది వాన కాదు, వడగళ్లు అని అర్థం. తాయిఫ్, అబహా వైపు ఉండేవారికి ఈ తేడా ఎంత ముఖ్యమో కారు అద్దం పగిలినప్పుడు తెలుస్తుంది.

ఈ ఆలోచనను 1976లో ఒక పరిశోధన పత్రంగా ప్రకటించినవారు ఓహైయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన థామస్ సెలిగా, విశ్వనాథన్ బ్రింగి. ఐఐటీ బొంబాయిలో చదువుకుని అమెరికా వెళ్లిన బ్రింగి ఆ తర్వాత కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో దశాబ్దాలు ఈ పని మీదే ఉన్నారు. అక్కడే పనిచేసిన వి. చంద్రశేఖర్‌తో కలిసి 2001లో ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో చేరే ప్రతి విద్యార్థీ తిరగేయాల్సిందే.

ఇంకో కొలత ఉంది. నా దృష్టిలో ఎడారి కొండలకు అసలైన వరం అదే. జాతర జనంలోంచి ఇద్దరు నడుస్తున్నారనుకోండి. ఒకరి భుజాన అడ్డంగా కావడి, ఇంకొకరి చేతిలో నిలువుగా జెండా కర్ర. జనం దట్టంగా ఉన్న కొద్దీ కావడి మోసేవాడు వెనకబడతాడు. ఇడ్లీల్లాంటి చినుకుల గుంపులోంచి వెళ్లేటప్పుడు అడ్డం తరంగం కూడా అలాగే నిలువు తరంగం కన్నా వెనకబడుతుంది. ఎంత వెనకబడిందన్నది దారిలో ఉన్న నీటిని బట్టి ఉంటుంది. ప్రతిధ్వని బలంతో దీనికి పని లేదు. మధ్యలో కొండ అడ్డొచ్చి సగం కిరణాన్ని మింగేసినా, ముందున్న భారీ వాన తరంగాన్ని నీరసింపజేసినా ఈ లెక్క చెడదు. హిజాజ్ కొండల వెంబడి రాడార్ పెట్టేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఓ వరద, ఓ ప్రయోగం

కాగితం మీద బాగున్న ప్రతి ఆలోచనా ఊరికి పనికి రావాలని లేదు. దీనికి మొదటి గట్టి పరీక్ష అనుకోకుండా జరిగింది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ కూడా కొండల పాదాల దగ్గర ఉన్న పొడి ఊరే. 1997 జులై 28 సాయంత్రం కొండ అంచున మబ్బు కదలకుండా నిలబడి, ఒక చోట పది అంగుళాల దాకా, అంటే 250 మి.మీ. వరకూ కురిసింది. వాగు పొంగి, రైలు కట్ట పక్కనున్న మొబైల్ ఇళ్ల కాలనీని ముంచింది. అయిదుగురు చనిపోయారు. ఆ రాత్రి ప్రభుత్వ వాతావరణ శాఖ రాడార్ వానను బాగా తక్కువగా అంచనా వేసింది. అదే సమయంలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వారి చిల్ అనే పరిశోధన రాడార్ రెండు తరంగాలతో ఆ మబ్బునే చూస్తోంది. తర్వాత లెక్కలు వేస్తే, చిల్ చెప్పిన వాన నేల మీది గేజ్‌ల కొలతలకు ఎంతో దగ్గరగా వచ్చింది. కారణం? ఆ రోజు మబ్బులో వడగళ్లు లేవు, ఉష్ణమండల వాన మాదిరిగా చిన్న చినుకులు లెక్కలేనన్ని ఉన్నాయి. ప్రతిధ్వని బలం తక్కువ, నీరు ఎక్కువ. పాత సూత్రం సరిగ్గా అక్కడే మోసపోయింది.

ఎర్రసముద్రం తేమను మోసుకొచ్చి కొండకు ఆనుకుని నిలబడే జెద్దా మబ్బుకూ దీనికీ ఉన్న పోలిక చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఒక్క వరదతో దేశమంతా రాడార్లు మార్చరు కదా. 2002 వసంతం నుంచి 2003 వేసవి వరకూ ఓక్లహోమాలో జేపోల్ అనే పెద్ద ప్రయోగం జరిపారు. నార్మన్ పట్టణంలోని నేషనల్ సివియర్ స్టార్మ్స్ లేబొరేటరీ వారు వాడుకలో ఉన్న రాడార్ లాంటిదాన్నే మార్చి రెండు తరంగాలు పంపేలా చేశారు. అప్పుడు అందరి అనుమానం ఒకటే. ఉన్న శక్తిని రెండు తరంగాలకు సగం సగం పంచితే చిన్న వాన కనిపించకుండా పోతుందేమో, పాత కొలతలు చెడిపోతాయేమో. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి పంపి చూశారు. ఖరీదైన స్విచ్ అవసరం తప్పింది, సున్నితత్వం కాస్త తగ్గింది, పని మాత్రం ఆగలేదు.

వాన లెక్కకు సాక్షిగా ఒక వాగు పరివాహక ప్రాంతంలో దగ్గర దగ్గరగా పెట్టిన 42 గేజ్‌లను తీసుకున్నారు. గంట గంటకూ రాడార్ ఏం చెప్పింది, గేజ్‌లో ఎంత పడింది అని పోల్చుకుంటూ పోయారు. ఒక్కో గేజ్ దగ్గర చూస్తే పొరపాటు 1.7 రెట్లు తగ్గింది. మొత్తం పరివాహక ప్రాంతం మీద కలిపి చూస్తే 3.7 రెట్లు తగ్గింది. ఈ రెండో అంకె దగ్గర ఆగాలి. వరద వచ్చేది ఒక గేజ్ మీద పడ్డ వానతో కాదు, వాగు మొత్తం మీద పడ్డ వానతో. వాదీకి కావలసిన లెక్క సరిగ్గా అదే. 2011లో ఓక్లహోమాలోని వాన్స్ వైమానిక స్థావరం రాడార్‌తో మొదలుపెట్టి 2013 కల్లా అమెరికాలోని సుమారు 160 రాడార్లనూ మార్చేశారు.

ఎడారిలో పరీక్ష పెట్టేది వానే

ఇక సౌదీ సంగతి. ఇప్పుడు ప్రపంచంలో కొత్తగా కొనే పెద్ద వాతావరణ రాడార్లు దాదాపు అన్నీ రెండు తరంగాలవే. కొనడం సులువు. దాన్ని ఈ గడ్డకు తగ్గట్టు పరీక్షించి, సరిచేసి, నమ్మదగ్గదిగా చేయడమే కష్టం. ఎందుకంటే ఈ రాడార్‌కు పరీక్ష పెట్టేది వానే. ఆ పరీక్షకు మాస్టారు ఏడాదికి నాలుగైదుసార్లే వస్తారు!

అడ్డం, నిలువు ప్రతిధ్వనుల తేడా చాలా సూక్ష్మం. అందులో 0.2 డెసిబెల్ తప్పు దొర్లినా వాన లెక్క పదిహేను, ఇరవై శాతం అటూ ఇటూ అవుతుంది. ఆ తప్పు రాడార్‌లోనే ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. సన్నటి వాన పడుతుండగా యాంటెనాను నిట్టనిలువుగా ఆకాశంలోకి పెట్టి గుండ్రంగా తిప్పుతారు. కింది నుంచి చూస్తే ఏ చినుకైనా, ఏ ఇడ్లీ అయినా గుండ్రమే. కాబట్టి తేడా సున్నా రావాలి. రాకపోతే ఆ వచ్చినంతా యంత్రం తప్పే, దాన్ని తీసేయాలి. లండన్‌లో ఇది వారం వారం చేసుకోవచ్చు. రియాద్‌లో సన్నటి వాన కోసం నెలలు కాచుకోవాలి. రాడార్ మీది తెల్లటి గోళం తడిసినా, దాని మీద దుమ్ము పేరుకున్నా కొలత మారుతుంది. రెయిన్ గేజ్‌ల గొట్టాలు ఇసుకతో పూడిపోతాయి. ఓక్లహోమాలో 42 గేజ్‌లు పెట్టారంటే అక్కడ వాటికి పని ఉంది.

పైగా ఓక్లహోమాలో తేలిన 1.7, 3.7 అంకెలను తెచ్చి ఇక్కడ అంటిస్తే కుదరదు. ఎడారిలో మబ్బు అడుగు చాలా ఎత్తున ఉంటుంది. రాడార్ చూసిన చినుకు నేలకు చేరే లోపే పొడిగాలిలో ఆవిరైపోవచ్చు. చిన్న చినుకులు ముందు ఆవిరవుతాయి, పెద్దవి మిగులుతాయి. అంటే పైన చూసిన వాన వేరు, కింద పడిన వాన వేరు. దూరం పెరిగే కొద్దీ భూమి వంపు వల్ల కిరణం పైకి పోతుంది. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 100 కి.మీ. దూరంలో నేలకు సుమారు కిలోమీటరున్నర ఎత్తున, 200 కి.మీ. దూరంలో నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. రెండు తరంగాలున్నా ఈ దూరాన్ని జయించలేవు. దానికి మందు ఒక్కటే, దగ్గర దగ్గరగా మరిన్ని రాడార్లు.

లాభించేది కూడా లేకపోలేదు. వేసవిలో ఎర్రసముద్రం మీదా, గల్ఫ్ మీదా తడిగాలి పైన వేడి పొడిగాలి పరుచుకుని తరంగాన్ని కిందికి వంచేస్తుంది. అప్పుడు రాడార్ తెర మీద ఓడలూ అలలూ మబ్బుల్లా కనిపిస్తాయి. పక్షుల గుంపులు, పురుగుల దండులు సరేసరి. వానలో రెండు తరంగాలూ దాదాపు ఒకే మాట చెబుతాయి. వాటి పొత్తు 0.97 పైనే ఉంటుంది. పక్షులు, పురుగులు, అలల దగ్గర అది 0.8 కన్నా కిందికి జారుతుంది. దొంగ మబ్బు పట్టుబడిపోతుంది. ఒకటి రెండుసార్లు అబద్ధపు హెచ్చరిక వస్తే మూడోసారి నిజమైనదాన్ని కూడా జనం పట్టించుకోరు కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

మరో పెద్ద పందెం కూడా ఈ కొలత మీదే ఉంది. 2022లో సౌదీ రియాద్, ఖసీం, హాయిల్ ప్రాంతాల మీద మేఘమథనం మొదలుపెట్టింది. విమానం వెళ్లి మబ్బులో పొడి చల్లింది, వాన పడింది, సరే. చల్లినందుకు పడిందా, ఎలాగూ పడేదేనా? ఎంత ఎక్కువ పడింది? మబ్బు లోపల ఏది మంచు, ఏది నీరు, ఏ నిమిషాన మంచు కరిగి చినుకైంది అని రాడార్ చెప్పకపోతే ఈ వాదన ఎప్పటికీ తెగదు. వాన తెప్పించామని చెప్పుకోవడం ఏ దేశంలోనైనా సులువే, లెక్క చూపించడమే కష్టం.

గాదంకి నుంచి కుఫ్రీ దాకా

ఒకే సూత్రం అన్ని వానలకూ పనికిరాదని మన దగ్గర కూడా రుజువైంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. అక్కడ చినుకుల పరిమాణాన్ని ఏళ్ల తరబడి కొలిచిన శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన సంగతి గమనించారు. నైరుతి రుతుపవనాల్లో పెద్ద చినుకులు ఎక్కువ, ఈశాన్య రుతుపవనాల్లో చిన్నవి ఎక్కువ. అదే ఊరు, అదే నేల, నెలలు మారితే చినుకు మారిపోతోంది. ఇక గాదంకి సూత్రాన్ని తీసుకెళ్లి జెద్దాలో, జెద్దా సూత్రాన్ని తెచ్చి జిజాన్‌లో వాడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

భారత వాతావరణ శాఖకు మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో డాప్లర్ రాడార్లున్నాయి. ఇస్రో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి తయారు చేసిన డ్యూయల్ పోలరైజేషన్ రాడార్‌ను 2016 మే నెలలో వానలకు పుట్టిల్లయిన చిరపుంజిలో పెట్టారు. హిమాలయ రాష్ట్రాల కోసం దేశీయంగా చేయించిన పది చిన్న రాడార్లలో మొదటి రెండు 2021 జనవరిలో హిమాచల్‌లోని కుఫ్రీ, ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లలో పని మొదలుపెట్టాయి. ఇవీ రెండు తరంగాలవే. వాటిని తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన ఆస్ట్రా మైక్రోవేవ్ కంపెనీ. కొండల్లో పెట్టే రాడార్‌ను దక్కన్ పీఠభూమి మీద తయారు చేయడం తెలుగువాళ్లు చెప్పుకోదగ్గ సంగతే. మరిన్ని రాడార్ల కోసం 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ. 2,000 కోట్లతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మన పిల్లలు సాఫ్ట్‌వేర్ ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. ఈ రంగంలో యంత్రాలు వచ్చినంత వేగంగా వాటి లెక్కను సరిచూసే మనుషులు రావడం లేదు.

ఫోన్‌లో రాడార్ బొమ్మ చూసేటప్పుడు

వాన రోజున వాట్సాప్ గ్రూపుల్లో రాడార్ బొమ్మలు చక్కర్లు కొడతాయి. ఎర్రగా ఉంది, అయిపోయాం అని ఒకరు, మన మీద ఆకుపచ్చే ఉంది, ఏం కాదు అని మరొకరు. ఇప్పటిదాకా చదివినవారికి ఆ రెండు మాటలూ ఎందుకు తప్పో అర్థమయ్యే ఉంటుంది. ఎరుపు అంతా వాన కాకపోవచ్చు, వడగళ్లు కావచ్చు. ఆకుపచ్చ అంతా క్షేమం కాదు, చిన్న చినుకుల భారీ వాన కావచ్చు. మన ఇంటి మీది రంగు కన్నా తూర్పున వాదీ మొదలయ్యే చోట ఉన్న రంగు ముఖ్యం. అక్కడ అది కదలకుండా గంటకు పైగా నిలబడితే ఇంకా ముఖ్యం. బొమ్మ ఏ సమయానిదో చూడకుండా పంపడం మాత్రం మానేయాలి. నిన్నటి బొమ్మలు నేడు తిరుగుతుంటాయి. జాతీయ వాతావరణ కేంద్రం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇచ్చే హెచ్చరికలు ఈ రాడార్లతో పాటు ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు కూడా చూసి ఇచ్చేవి. బొమ్మకూ హెచ్చరికకూ తేడా వస్తే హెచ్చరికనే నమ్మాలి.

కుటుంబాలతో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి కంపెనీ మెయిలో, బడి మెసేజో వస్తుంది. అసలు బెంగ ఊరి బయట ఉండేవారి గురించి. వాదీ ఒడ్డున వర్క్‌షాపుల్లో పడుకునేవారు, ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లు, రాత్రుళ్లు ట్రక్కులు నడిపేవారు. వీరిలో చాలామందికి అరబిక్ చదవడం రాదు, కొందరికి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. చదునైన ఇసుక, నీడ ఉందని గుడారం వేసేది వాదీ మధ్యలోనే. రాడార్ రెండు తరంగాలతో ఎంత కచ్చితంగా చెప్పినా ఆ మాట ఆ గుడారానికి తెలుగులో చేరాలి. తెలుగు సంఘాల గ్రూపుల్లో పండగ శుభాకాంక్షలతో పాటు వాన హెచ్చరికను రెండు వాక్యాల తెలుగు వాయిస్ మెసేజ్‌గా పెట్టేవారు ఒకరు ఉంటే చాలు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకూ ఈ పని ఒకరికి అప్పగించుకోవడం కష్టమేమీ కాదు.

నీరు పారుతున్న వాదీని వాహనంతో దాటడం సౌదీ ట్రాఫిక్ నిబంధనల ప్రకారం 5 వేల నుంచి 10 వేల రియాళ్ల జరిమానా పడే నేరం. సివిల్ డిఫెన్స్ నంబరు 998. మక్కా, మదీనా, రియాద్, తూర్పు ప్రాంతాల్లో అయితే 911.